పాత గంట, కొత్త గంట

ఘిజ్లాన్ ఉద్యోగం మానేద్దామని తేల్చుకున్న సోమవారం పొద్దున్నే ఫోను మోగింది.

ఆమె పని చేసేది రబాత్‌లో, ఫ్రాన్సువాళ్ల చెప్పుల దుకాణానికి వెబ్‌సైట్ నడిపే కంపెనీలో. ఆ ఏడాది ఆమె చేసిన ఘనకార్యం, ‘కొనండి’ అన్న బొత్తాన్ని ఆకుపచ్చ నుంచి నారింజకి మార్చడం, మళ్లీ ఆకుపచ్చకి తేవడం. పని చేతకాక విసిగేవాళ్లుంటారు. ఘిజ్లాన్‌కి పని బాగా వచ్చు. అందుకే విసుగు ఇంకా ఎక్కువ. పక్క ఊరు తెమారాలో అక్క బేకరీ ఉంది. అక్కడ కూర్చుంటే కనీసం రొట్టె తిన్న మనిషి మొహమైనా కనపడుతుందనుకుంది.

ఫోను చేసింది సలేలోని డయాలసిస్ కేంద్రం నర్సు సుకైనా. పోయిన ఎండాకాలంలో కంపెనీ పుణ్యానికని ఆ కేంద్రానికి ఒక యాప్ చేసిచ్చింది. రోగుల్ని తెచ్చే వ్యాన్లకి ఏ ఇంటికి ఎన్నింటికి పోవాలో అదే చెబుతుంది. కంపెనీ పెద్దలు ఫోటోలు దిగారు. రాసింది ఘిజ్లాన్ ఒక్కతే.

“అమ్మాయ్, నీ యాప్‌కి మతి పోయిందా?” అంది సుకైనా. “వ్యాన్లు గంట ముందే తెచ్చి దింపాయట. తాళాలు నా సంచిలో ఉన్నాయి, నేనింకా బస్సులో ఉన్నాను. మనుషులు గుమ్మంలో వణుకుతున్నారు.”

ఘిజ్లాన్‌కి విషయం అప్పుడే వెలిగింది. రంజాను ముందు ఆదివారం దేశమంతా గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతుంది. పండగయ్యాక మళ్లీ ముందుకి. ఆ నెలంతా పాత గంట, తక్కిన ఏడాది కొత్త గంట. నిన్ననే తిప్పారు. ఏడు గంటల వ్యాన్‌ని ఆమె ప్రపంచ సమయంలో, అంటే ఏ దేశం గడియారం తిప్పినా మారని లెక్కలో, రాసి పెట్టింది. కాలేజీలో అలాగే నేర్పారు. గంట వెనక్కి జరగగానే ఆ ఏడు కాస్తా ఆరై కూర్చుంది.

ఆమె ఇల్లు సలేలోనే. కేంద్రం నడిచి పోయేంత దూరం. ఇన్ని నెలల్లో ఒక్కసారీ అటు పోలేదు.

ఇప్పుడు పరిగెత్తింది.

మూసిన తలుపు ముందు దుప్పట్లు కప్పుకుని మెట్ల మీద కూర్చున్నారు జనం. డ్రైవరు ఫ్లాస్కులోంచి టీ పోసి ఇస్తున్నాడు. ఎవరూ తాగడం లేదు, గ్లాసుతో చేతులు కాచుకుంటున్నారు. గుక్కెడు నీళ్లకి కూడా కొలత ఉన్న ఒళ్లు వాళ్లవి.

“తలుపు తీసి లేదు కదా, ఒక్కరికైనా అనుమానం రాలేదా?” అనడిగింది ఘిజ్లాన్.

“ఫోను ఆరింటికి తెమ్మంది. రంజాను టైము పెట్టారేమో అనుకున్నాను,” అన్నాడు డ్రైవరు.

“నేనూ అదే అనుకున్నా,” అంది యామ్నా అనే ముసలామె. అందరూ తలలూపారు. గంట మారిన మర్నాడు ఎవరేం చెప్పినా జనం నమ్మేస్తారు. ఘిజ్లాన్ కూడా వాళ్లలో ఒకతె అయుంటే నమ్మేది.

గోడకి ఆనుకున్న ముసలాయన, చిన్నవాళ్లు ‘బా’, అంటే నాన్నా, అని పిలిచే అల్లాల్, కళ్లు తెరిచాడు. “ఫోనులో అది రాసింది నువ్వేనా?”

“నేనే, బా.”

“చదువుకునే రాశావా?”

“చదువుకునే.”

“పాపం, ఎవడి డబ్బో!”

మెట్ల మీద నవ్వులు లేచాయి. “ఊరుకో అల్లాల్, పిల్ల పరిగెత్తుకొచ్చింది,” అంది యామ్నా.

“పరిగెత్తడానికి కుక్కలున్నాయి. ఈమె నిన్న రావలసింది.”

సుకైనా వచ్చి తాళం తీసింది. లోపల గోడ గడియారం ఏడు చూపిస్తోంది. ఆ గడియారాన్నిబట్టే యంత్రాలు మొదలవుతాయి, ఆ గడియారాన్నిబట్టే ఈ మనుషులు బతుకుతారు. చెప్పుల దుకాణానికి పనికొచ్చిన లెక్కని తెచ్చి ఈ గోడకి తగిలించింది ఘిజ్లాన్. అంతకన్నా పెద్ద కారణమేమీ లేదు. ఎవరికోసం రాస్తోందో చూడకుండా రాసింది.

బెంచీ మీద కూర్చుని ఒళ్లో కంప్యూటర్ తెరిచింది. రోగులు వచ్చే వేళల్ని ప్రపంచ సమయం నుంచి పీకేసి, గోడ గడియారం వేళలుగా మార్చింది. రాబోయే రోజుల్ని ఒక్కొక్కటే సుకైనాకి చూపించింది. పని అయ్యేసరికి చేతులు వెచ్చబడ్డాయి. కోడ్ రాస్తూ ఆకలి మరిచిపోయి చాలా కాలమైంది.

యంత్రం పక్కన పడుకున్న అల్లాల్ దగ్గరకి వెళ్లింది. “క్షమించండి, బా.”

“క్షమించను,” అన్నాడాయన. “పండగయ్యాక గంట మళ్లీ మారుతుంది. ఆ రోజు ఎవరుంటారు? నువ్వా, ఇంకోడా?”

పండగ నాటికి తాను తెమారాలో రొట్టెలమ్ముతూ ఉండాలి.

ఆఫీసుకి పోయేసరికి మేనేజరు జవాద్‌కి సంగతి తెలిసిపోయింది. “దాని గొడవ వదిలెయ్. బయటివాళ్లకి ఇచ్చేస్తున్నాం,” అన్నాడు. “నీకు మంచి కబురు. చెప్పుల టీముకి నిన్ను పెద్దని చేస్తున్నాం.”

“వద్దు, జవాద్ గారూ. నాకు ఆ కేంద్రం పని ఇవ్వండి.”

“మతుండే అంటున్నావా? అందులో ఎదుగుదల ఏముంది?”

“మీ బొత్తాం ఏ రంగైనా చెప్పులు అమ్ముడవుతాయి. నేను తప్పు రాస్తే అక్కడ మనుషులు చలిలో కూర్చుంటారు. నా చేతిపనికి విలువ ఎక్కడుందో నాకు తెలిసింది. ఇస్తే ఉంటాను. లేదంటే ఇవాళే మానేసి ఆ బయటివాళ్ల దగ్గరే చేరతాను.”

జవాద్ ఆమె మొహంలోకి చూశాడు. బేరమాడే మొహం కాదది. “టీము ఉండదు. మూల బల్ల. జీతం పెరగదు,” అన్నాడు.

“బల్ల ఏ మూలైతేనేం?”

బేకరీకి రానని చెప్పగానే అక్క ఫోనులో తిట్టిపోసింది. సంజాయిషీ ఇవ్వకుండా విని పెట్టేసింది ఘిజ్లాన్.

బుధవారం పొద్దున ఏడింటికి ఆమె కేంద్రం గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. వ్యాన్ వేళకి వచ్చింది. అల్లాల్ దిగుతూ ఆమెని చూశాడు.

“మళ్లీ ఏం పాడుచేశావు?”

“ఇంకా చేయలేదు. ఎక్కడ పాడవుతుందో చూద్దామని వచ్చాను.”

“ఆ కుర్చీ యామ్నాది. నిలబడు.”

ఘిజ్లాన్ నిలబడింది. “బా, వ్యాన్ మీ ఇంటి ముందుకి వస్తుందా, సందు మొదట్లోనే ఆగుతుందా?”

“సందు మొదట్లోనే. అక్కడిదాకా నన్ను పక్కింటివాడు మోసుకొస్తాడు. వాడు ఊళ్లో లేని రోజు నేను రాను,” అన్నాడాయన.

ఇది యాప్‌లో ఎక్కడా లేదు. ఆమె రాసుకోవడం మొదలుపెట్టింది.