చూరుకు కట్టిన బొచ్చు

బోధన్ అవతల రేణుకమ్మ వాళ్ల బెల్లం బట్టీ పక్క గదిలో ముగ్గురు వాయించేవాళ్లు దిగారు. బట్టల కొట్టు ఇనాయత్ కొడుకు మొహసిన్‌వి డ్రమ్ములు, హైదరాబాద్ నుంచి వచ్చిన దీక్షితది గిటారు, అఖిలేష్‌ది ల్యాప్‌టాప్. వాయించేది జాజ్ అట. గానుగ చప్పుడు, కాలువ నీళ్ల గలగల పట్టుకుని అందులో కలుపుతామని మొహసిన్ చెప్పాడు.

రేణుకమ్మ కోడలు కావ్య నమ్మలేదు. గానుగ మోతకు తలనొప్పి వస్తుంది గాని, దానికోసం కిరాయి ఎవరు కడతారు? పైగా పాటంటే పాట కాదు, పొద్దంతా ఒకటే మూలుగు. వాళ్లు వచ్చినప్పటి నుంచే చంటివాడు పాలు సరిగ్గా తాగడం లేదు. పండ్లొస్తున్నాయని అత్త కొట్టిపారేసింది.

ఆ ఉదయం బట్టలు ఆరేయబోయి కావ్య ఆగిపోయింది. ఉయ్యాల ఉన్న కిటికీ పైన, చూరుకు, బూడిద రంగు బొచ్చు ముద్ద వేలాడుతోంది. బాణామతి. ఎవరో పిల్లవాడికి చేతబడి చేశారు. అలాంటిదాన్ని చేత్తో ముట్టకూడదని ఆమెకు తెలుసు. ఎడమ కాలి చెప్పుతో కొట్టి పడేసి, మూడుసార్లు ఉమ్మి, కట్టెతో నెట్టుకుంటూ పోయి బెల్లం పాకం కాగే పెనం కింది మంటలో వేసింది.

"పాకంల కంపు వడ్తదే," అని అత్త గొణిగింది.

ముగ్గురూ ఉరికొచ్చారు. అది మైకని, గాలి చప్పుడు పడకుండా బొచ్చు తొడిగామని మొహసిన్ చెప్పాడు.

"మా కిటికికే ఎందుకు కట్టిన్రు? ఎవర్నడిగి కట్టిన్రు?"

 మైకులో ఏం పట్టారో వినిపించమంది కావ్య. మైకు కాలినా పట్టిందంతా గదిలోని రికార్డరు డబ్బాలో ఉందట. అఖిలేష్ ఆ డబ్బా తెచ్చి హెడ్‌ఫోన్ ఇస్తే, పిల్లవాణ్ని సంకలో బిగించి ఒక చెవికే పెట్టుకుంది. గానుగ మోత. అది ఆగగానే సన్నటి ఈల. ఆగి, మళ్లీ ఈల.

"గిదేంది?"

"చెరుకాకుల గాలి అక్కా. చాలా బాగుందని దాని మీదే పాట కట్టినం," అంది దీక్షిత.

కావ్య కళ్లు పిల్లవాడి రొమ్ము మీద పడ్డాయి. అది పైకి లేచి, దిగేటప్పుడు పట్టేసినట్టు ఆగుతోంది. గానుగ మోతలో ఇన్నాళ్లూ ఆమెకు వినపడనిది ఆ ఈలే.

"గాలి గాదు. మా పోరడు."

 మొహసిన్ కారు తాళాల కోసం గదిలోకి పరుగెత్తాడు. ఇంకో దారి లేక కావ్య కారు ఎక్కింది గాని, ముందు అఖిలేష్ వైపు చెయ్యి చాచింది.

"గా డబ్బ నాకియ్యుండ్రి. డాక్టరు వినాలె. మళ్ల మీకియ్య."

అఖిలేష్ ఇచ్చేశాడు. నిజామాబాద్ దారిలో మొహసిన్ ఏదో చెప్పబోతే నోరు మూసుకోమంది. అద్దాలు ఎక్కించమని, పిల్లవాడి రొమ్ముకు చెవి ఆనించి కూర్చుంది.