భుజం నొప్పి

వేడ్ లిండ్‌గ్రెన్ ఒక కాలేజీ బేస్‌బాల్ జట్టులో బంతి విసిరే పిచర్‌గా ఆడిన రోజుల్లో, అతను బంతి విసిరితే బ్యాటర్ వెనక కూర్చుని పట్టే క్యాచర్ చెయ్యి కదిపే పని ఉండేది కాదు. ఇప్పుడు అదే కాలేజీకి కోచ్‌గా వచ్చాడు. సాధన వేళ నెట్ చాటున నిలబడి బ్యాటర్లకు మెత్తగా బంతులు వేయడం కోచ్ పని. ఆడే రోజుల్లోనే, ఆఖరి ఏడు, అతను విసిరిన బంతి ఒక బ్యాటర్ తలకు తగిలింది. అప్పటినుంచి ఎదురుగా మనిషి నిలబడితే చాలు, బంతి వేళ్లలోంచి సరిగ్గా రాదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లకు భుజం నొప్పి అంటాడు.

"ఇవాళ కూడా భుజమేనా కోచ్?" అన్నాడు క్యాచర్ కోల్బీ.

"మబ్బేసింది కదరా. మబ్బేస్తే లాగుతుంది."

"నిన్న ఎండ కాసిందిగా. ఎండకీ లాగిందే."

కుర్రాళ్లు నవ్వారు. వేడ్ చెవులు వేడెక్కాయి. కొత్తగా చేరిన పిచర్ ఎమెట్‌ను పిలిచి బంతుల బకెట్ చూపించి వెయ్యమన్నాడు.

"రేపు మ్యాచ్‌లో వేసేది నేనేగా కోచ్?" ఎమెట్ మెల్లగా అడిగాడు.

మ్యాచ్ ముందు రోజు పిచర్ చేతికి విశ్రాంతి ఇవ్వాలని వాళ్లకు నేర్పింది వేడే.

"నెమ్మదిగా వెయ్. ఏం కాదు."

ఒక బకెట్‌తో ఆగలేదు. వేడ్ చూస్తూనే ఉన్నాడు, ఆపలేదు.

మర్నాడు ఎమెట్ నాన్న గోధుమ కోత పని ఆపుకుని వచ్చి, ముందు వరసలో కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నాడు. ఆట సగం కాకముందే ఎమెట్ బంతుల్లో జోరు చచ్చిపోయింది. ఎదుటి జట్టు ఇష్టమొచ్చినట్టు బాదింది. వేడ్ మైదానం మధ్యలో పిచర్ నిలబడే మట్టి దిబ్బ దగ్గరికి నడిచాడు. పిచర్‌ను మార్చాలంటే కోచ్ వెళ్లి చెయ్యి చాపాలి, పిచర్ బంతి ఆ అరచేతిలో పెట్టి దిగిపోవాలి.

ఎమెట్ బంతిని ఆ అరచేతిలో పెట్టబోయాడు. మోచెయ్యి సరిగ్గా చాపలేకపోతున్నాడు.

"సారీ కోచ్. రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు."

పక్కన నిలబడ్డ కోల్బీ వేడ్ ముఖంలోకి చూసి, మాస్క్ ముఖం మీదికి దించుకున్నాడు.

మ్యాచ్ ఓడిపోయారు. ఎమెట్ నాన్న టోపీ తీసి చేత్తో పట్టుకుని కంచె దగ్గరికి వచ్చాడు. "మావాడు మీ పరువు తీశాడు కోచ్. మీలాంటివాళ్ల దగ్గర నేర్చుకుంటూ కూడా..."

వేడ్ కంచె మీదుగా చెయ్యి చాపాడు. ఎమెట్ నాన్న చెయ్యి కలిపి వెళ్లిపోయాడు.

తర్వాతి సాధన రోజున బకెట్ వేడే మోసుకొచ్చాడు. అతను వేసిన మొదటి బంతి నెట్ మీదుగా పోయింది. రెండోది నేలకు కొట్టుకుంది.

"నేనిక్కడున్నాను కోచ్," అన్నాడు బ్యాట్ పట్టుకున్న కోల్బీ. "మీరెవరికి వేస్తున్నారు?"

అందరూ నవ్వారు.

"భుజం నొప్పి లేదు," అన్నాడు వేడ్. "ఎప్పుడూ లేదు. నాకు వెయ్యడం రావట్లేదు. ఆ సంగతి దాచుకోడానికి ఎమెట్ చేత వేయించాను."

నవ్వు ఆగిపోయింది. మోచేతికి ఐస్ కట్టుకుని కూర్చున్న ఎమెట్, అలవాటుగా లేచి బకెట్ వైపు రాబోయాడు.

"నువ్వు కూర్చో. సాయంత్రం వచ్చి మీ నాన్నకీ ఇదే చెప్తాను."

వేడ్ వంగి ఇంకో బంతి తీశాడు. అదీ పక్కకే పోయింది.