పదును రాసిన తారీఖు

ఆ ఆదివారం పొద్దున ఆకాశం తెల్లగా ఉంది. తూర్పున ఒక మబ్బు పాయ పుట్టి, కదలకుండా అక్కడే నిలబడి, పొద్దు బారెడు ఎక్కేసరికి విడిపోయింది. గాలి పడమటి నుంచి వస్తోంది. నేను అదే రాశాను. గింజలు పెట్టే రోజులు తప్పితే నాలుగేళ్లుగా రోజూ నా రాత అదే. ఆకాశం ఎట్లా ఉంది, గాలి ఏ దిక్కు, మెట్ట చెలకలో మట్టి తవ్వితే పదును, గింజ మొలిచే తడి, ఎంత లోతు దిగింది.

మొదట నోట్‌బుక్కులో రాసేవాడిని. మా తమ్ముడి కూతురు నిఖిత కరీంనగర్‌లో కంప్యూటర్ పని చేస్తుంది. ఆ నోట్‌బుక్కు చూసి నా పేరు మీద ఒక బ్లాగు పెట్టించింది. మాది జమ్మికుంట దగ్గర పల్లె. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లవాళ్లు దాన్ని ఫోన్లో చదువుతారని తర్వాత తెలిసింది. విత్తనాల రోజుల్లో ఎక్కువ చదువుతారు.

బ్లాగులో రాయడానికి ఇచ్చిన పేజీ ఇంగ్లీషులో ఉండేది. దాంట్లో నలభై మీటలు. నాకు కావలసింది ఒకటి. పోయిన చలికాలం ఏదో నొక్కితే నా రాతలన్నీ వారం రోజులు కనిపించకుండా పోయాయి. అందుకని నా ఒక్కడి కోసం వేరే పేజీ తయారు చేస్తానని నిఖిత ఆ ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకొని వచ్చింది.

"దీన్ని అడ్మిన్ ప్యానెల్ అంటరు పెద్దబాపు. బ్లాగేమో అందరు సూసేది. ఇది నువ్వొక్కనివే సూసేది."

"వెనుక అర్ర అన్నట్టు."

"ఆఁ, గట్లనే అనుకో. గా అర్రల ఏమేముండాలె చెప్పు."

"రాసే జాగ. పంపే మీట."

"గంతేనా? ఫొటోలు వద్దా? ఎంతమంది సూసిండ్రో లెక్క వద్దా?"

"సూసినోళ్లను లెక్కవెట్టి ఏం జేస్త."

"నీ పని జేసుడు సుకమే. మా ఆఫీసుకొచ్చేటోళ్లు ముప్పై అడిగి మూడు వాడుతరు."

ఆమె పని చేస్తున్నంతసేపూ పక్కనే కూర్చొని చూశాను. చాలు మలిపే చోట ఎద్దు ఆగినట్టు ప్రతి వరుస చివర ఒక్క క్షణం ఆగేది. మళ్లీ మొదలుపెట్టేది. నేను ఒక్కటే అడిగాను.

"నేను పదును సూసేది వాగొడ్డు చెలకల. ఆడ సిగ్నల్ దొరకది."

"ఆడనే రాసి పంపుడు నొక్కు. సిగ్నల్ లేకుంటే రాత ఫోన్లనే ఉంటది. దొరికినంక అదే పోతది. నువ్వు మల్ల ముట్టే పనిలేదు."

"తారీకు?"

"అదే వడ్తది. రాయకు."

నోట్‌బుక్కులో రాసినప్పుడు పైన తారీఖు, దాని పక్కన కార్తె రాసుకునేవాడిని. ఆ రోజు నుంచి మానేశాను.

మిర్గం, అంటే మృగశిర కార్తె, వచ్చింది. ఆనవాయితీ ప్రకారం చేపల కూర తిన్నాం. తర్వాతి శనివారం సాయంత్రం గాలివాన కొట్టింది. తెల్లారి ఆదివారం వాగొడ్డుకు పోయి మట్టి తవ్వి చూశాను. జానెడు దిగింది. పిడికిట పట్టి వదిలితే ముద్ద పగలలేదు. అక్కడే నిలబడి రాశాను. "ఈరోజు పదును జానెడు దిగింది. చెలకల్లో పత్తి గింజ పెట్టవచ్చు." పంపు మీట నొక్కి ఫోన్ జేబులో వేసుకున్నాను.

గాలివానకు మా ఊరి టవర్ పనిచేయడం మానేసింది. నేను పట్టించుకోలేదు. నాలుగు రోజులు గింజలు పెట్టే పనిలోనే ఉన్నాను. ఆ నాలుగు రోజులూ ఎండ గట్టిగా కాసింది. బేస్తవారం పొద్దున టవర్ బాగైంది. జేబులో ఉన్న ఫోన్ నాకు చెప్పకుండానే నా రాతను పంపించింది.

ఆ సంగతి నాకు పది రోజుల తర్వాత తెలిసింది. అది కూడా ఆదివారమే. నిఖిత ఇంట్లో ఉంది. వాగు అవతలి ఊరి సత్తమ్మ నడుచుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చుంది. చుట్టం కాదు, కాని అక్కా అనే పిలుస్తాను. వాళ్ల ఇంట్లో గింజ ఎన్నడు పెట్టాలో చెప్పేది ఆమే. చెంబెడు నీళ్లు తాగి చెంబు పక్కన పెట్టింది.

"బాలమల్లూ, నీ రాత ఇని గింజ వెట్టిన. మొలవలే."

"ఎన్నడు వెట్టినవక్కా?"

"నువ్వు రాసిన్నాడే. బేస్తారం."

"నేను రాసింది ఆయితారం గదా."

"మా కోడలు వనిత సదివింది. ఇయ్యాలటిదే అన్నది. దానికి ఫోన్ల లెక్కలన్ని తెలుసు."

సత్తమ్మ తన అరచేయి చూసుకుంది.

"వెట్టేముందు మట్టి తవ్వి సూసిన. పైన ఎండింది. కింద జర తడి. నా చెయ్యి వద్దన్నది. నీ రాత వెట్టుమన్నది. ఫోన్ల వడ్డ మాట గదా అని దాన్నే ఇన్న."

"కుమార్ ఏమంటుండు?" కుమార్ ఆమె కొడుకు.

"అవ్వకు పదును తెల్వకుంట వోయింది, వచ్చేయేడు సంది నేనే చెప్త అంటుండు. ముప్పై ఏండ్ల సంది గా ఇంట్ల నా మాట మీదనే గింజ వెట్టిండ్రు. గింజ వోతే వోయింది, మల్ల వెట్టుకుంట. మాట వోతే యాడికెల్లి తెస్త?"

నిఖిత లోపల అంతా వింటోంది. నేను పోయేసరికి ల్యాప్‌టాప్ తెరిచి చూస్తోంది.

"పెద్దబాపు, తప్పు నాది. నువ్వు రాసిన తారీకు వెయ్యాలె. నేను రాత బ్లాగుకు చేరిన తారీకు వేసిన."

"నేను గూడ తారీకు రాయలే."

"ఇప్పుడే సరిజేస్త. బేస్తారం తీసి ఆయితారం అని వెడితే అయిపాయె. ఒక్క నిమిషం."

తెర మీద తారీఖు గడి కనిపిస్తోంది. అందులో వేలు పెడితే చాలు, నా రాత నిజమవుతుంది. నేను ఆదివారం ఉన్న పదును ఆదివారమే రాశాను. బ్లాగు తెరిచి చూసినవాళ్లకు బాలమల్లు చెప్పింది ఒకనాడు, సత్తమ్మ పెట్టింది నాలుగు రోజులకు అని కనిపిస్తుంది. కుమార్ అన్న మాటకు నా తారీఖే సాక్ష్యం అవుతుంది. సత్తమ్మ అరుగు మీద కూర్చొని మా కోళ్లను చూస్తోంది.

"మార్చకు," అన్నాను.

"తప్పు తారీకు గట్లనే ఉంచుమంటవా?"

"ఉండనీ. కింద రాస్త."

"అందరు సూస్తరు. వచ్చేయేడు నీ రాత ఎవరు నమ్ముతరు పెద్దబాపు?"

నేను చెయ్యి చాపాను. ఆమె ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. ఒక్క వేలుతో రాశాను.

"పైన ఉన్నది ఆదివారం రాశాను. మీకు బేస్తవారం అందింది. అప్పటికి పదును లేదు. వాగు అవతలి సత్తమ్మ ఆ రోజు మట్టి తవ్వి, పదును లేదనే అనుకుంది. నా రాతను నమ్మి గింజ పెట్టింది. ఆమె చెయ్యి తప్పలేదు. నా రాత తప్పింది. ఎవరైనా సరే మట్టి చూసుకోకుండా దీన్ని చదివి గింజ పెట్టవద్దు."

సత్తమ్మ అరుగు మీంచి పిలిచింది. "గంతసేపు ఏం రాస్తున్నవు? పట్టా రాసిస్తున్నవా?"

నిఖిత చదివి వినిపించింది. సత్తమ్మ రెండోమారు చదివించుకోలేదు. "వనితతోని సదివిస్త," అని లేచి కొంగు దులుపుకొని పోయింది.

ఆ మధ్యాహ్నం నిఖిత మళ్లీ ప్యానెల్ ముందు కూర్చుంది. రాసే జాగకు పైన ఒక గడి పెట్టింది. "ఎన్నడు చూశావు?" అని ఉంటుంది. అది నింపకపోతే పంపు మీట పనిచేయదు. పక్కనే కార్తెకు ఇంకో గడి. నా నోట్‌బుక్కు ముందు పెట్టుకొని, ఏది ఎక్కడ రాసేవాడినో చూసి అదే వరుసలో పెట్టింది. నేను అడగలేదు.

ఆ వారమంతా మబ్బు వచ్చి పోయింది. శనివారం వాన కురిసింది. మా గింజలు సగం ప్యాకెట్ మిగిలాయి. తెల్లారి అవి పట్టుకొని, నిఖితను బండి మీద ఎక్కించుకొని వాగు దాటి పోయాను. సత్తమ్మ అప్పటికే చెలకలో ఉంది. కుమార్ గట్టు మీద నిలబడ్డాడు. నన్ను చూసి తల ఊపాడు. వనిత గింజలకు గంప తెచ్చింది.

సత్తమ్మ మూడు చోట్ల మట్టి తవ్వింది. మూడో చోట మట్టిని పిడికిట పట్టి, వదిలి, ముద్దను చూసింది.

కుమార్ గట్టు దిగాడు. నా వైపు చూడలేదు, ఫోన్ తీయలేదు.

"అవ్వా, వెడదామా?"

"ఆగు. పొద్దు జర ఎక్కనియ్యి. పైన బుర్ద ఆరాలె."

ఆగాం. ఐదుగురం గట్టు మీద కూర్చున్నాం. పొద్దు బారెడున్నర ఎక్కాక సత్తమ్మ కొంగు నడుముకు చుట్టి లేచింది. మేము ఆమె వెనుక లేచాం. మొలవని కుదుర్లు వెతుక్కుంటూ, వేలుతో గుంట చేసి, గింజ వేసి, మట్టి కప్పుకుంటూ పోయాం. నిఖిత వరుస వంకర పోతే వనిత వెనుక నుంచి చెప్పింది.

"అక్కా, కంప్యూటర్ల గూడ గిట్లనే వంకర రాస్తవా?"

"అండ్ల వంకర రాస్తే కంప్యూటరే వట్టుకుంటది. ఈడ ఎవరు వట్టుకుంటరు?"

"మా అత్త వట్టుకుంటది."

మధ్యాహ్నానికి అయిపోయింది. తుమ్మ నీడన సత్తమ్మ సద్ది మూట విప్పింది. అన్నం, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ, మామిడికాయ తొక్కు. చేతులు కడుక్కున్నా గోళ్లలో మట్టి పోలేదు. అట్లాగే తిన్నాం. గిన్నె అడుగున మిగిలిన పచ్చిపులుసును సత్తమ్మ కుమార్ పళ్లెంలో కొంత, నా పళ్లెంలో కొంత వంచింది.