ఏడో నంబరు బస్టాపు కొండ దిగిన రోజు

పై మొహల్లాలో పొద్దున్నే లేచినవాళ్ళు ముందు కిటికీ తీసి బస్టాపు ఎక్కడుందో చూస్తారు. ఒకరోజు రొట్టెల కొట్టు దగ్గరుంటుంది. ఒకరోజు చర్చి మలుపులో. వాన పడితే ముసలి వెరోనా గుమ్మం ముందు. పాత ప్రభుత్వం రోజుల్లో పోసిన కాంక్రీటు గూడు అది. మూడు గోడలు, ఒక బల్ల, వెనక గోడ మీద రంగురాళ్ళతో అతికించిన చేప. చేప ఎందుకో ఎవరికీ తెలీదు, మా వాల్సెకా ఊళ్ళో నదే లేదు. ఆ స్టాపు అందరూ చూస్తుండగానే నడుస్తుంది, బరువైన ఆవిడ మెట్లు దిగినట్టు ఒక్కో మూలా ఎత్తి వేస్తూ. దాని మీద ఎవరికైనా ఫిర్యాదుంటే ఒక్కటే, అప్పుడప్పుడు గేటుకి అడ్డంగా నిలబడుతుందని.

ఏడో నంబరు బస్సు నడిపే సాందు కొండెక్కగానే హారన్ కొట్టి, "ఇవాళ ఎక్కడర్రా?" అని అరిచేవాడు. ఏదో ఒక కిటికీలోంచి ఒక చెయ్యి దారి చూపించేది. జనం ఎక్కడుంటే అక్కడికి పోవడం స్టాపు పని. అందులో వింతేమీ లేదు. వింత కింద పట్నంలో జరిగింది.

పట్నానికి యూరప్ సొమ్ము వచ్చింది, సుస్థిర నగర రవాణాలో ఆవిష్కరణల కోసమట. నగరపాలక సంస్థ, ఒక కంపెనీ, ఒక పాలిటెక్నిక్ భాగస్వాములయ్యాయి. డ్రైవరు లేని కరెంటు బండ్లు తెచ్చి మునిసిపాలిటీ మేడ నుంచి మాల్ దాకా నడుపుతామన్నారు. సిగరెట్ ముట్టించి బయల్దేరితే అది ఆరేలోపు నడిచి చేరే దూరం అది. చదునైన చోటికి భవిష్యత్తు తొందరగానే వస్తుంది. ఎత్తు ఎక్కాల్సి వస్తేనే దానికి ఆయాసం. నగరం కూడా తన వాటా పెట్టాలి గనుక, ఆ వాటా కోసం ఏడో నంబరు బస్సు తీసేశారు. మా చక్రాలు ఊడదీసి వాళ్ళ రేపటికి బిగించుకున్నారు.

స్టాపు మాత్రం రోజూ నడుస్తూనే ఉంది. ఖాళీ బల్లతో ఇంటింటి ముందూ కాసేపు నిలబడి పోయేది.

రొట్టెల కొట్టు నడిపే దొమ్నికా దగ్గర అక్క కూతురుంది, ఇలింకా. తొమ్మిదేళ్ళ పిల్ల. అక్క పోయాక దొమ్నికానే పెంచుతోంది. బడి కింద పట్నంలో. బస్సు పోయాక ఆ పిల్ల అడవి దారిన ఒంటరిగా దిగి, ఒంటరిగా ఎక్కుతోంది. దొమ్నికా తోడు పోదామంటే, అది పొయ్యి మీదకి రొట్టెలెక్కే వేళ. ఈ సంగతి శిశు సంక్షేమ ఆఫీసుకి తెలిసింది. అక్కణ్ణుంచి మదాం వర్లాన్ రొప్పుతూ కొండెక్కి వచ్చింది.

"మీ మీద మాకేం ఫిర్యాదు లేదు దొమ్నికా గారూ. పిల్ల ఆరోగ్యంగా ఉంది, బాగా చదువుతోంది. కానీ బడికి బస్సు లేని చోట పిల్లను ఉంచడానికి రూల్సు ఒప్పుకోవు. మంచు పడేలోపు బస్సు రాకపోతే పట్నంలో హాస్టల్లో చేర్పించాల్సిందే."

"బస్సు తీసేసిందీ మీరే, బస్సు లేదని పిల్లను తీసుకుపోయేదీ మీరేనా?"

"బస్సులు చూసేది వేరే ఆఫీసండీ."

"మేడ ఒకటేగా!"

తలుపు వెనకనుంచి ఇలింకా గొంతు వినిపించింది. "హాస్టల్లో గంజి పెడతారట. మా క్లాసులో అన్కా చెప్పింది. నేను రాను."

మదాం వర్లాన్ చెడ్డ మనిషి కాదు. అదే మా గొడవ. ఈ దేశంలో చెడ్డపని చెయ్యడానికి చెడ్డవాళ్ళు అక్కర్లేదు. వేరే వేరే ఆఫీసులుంటే చాలు.

ప్రజాభిప్రాయం సేకరిస్తామని సాంస్కృతిక భవనంలో సభ పెట్టారు. తెర మీద పెద్ద అక్షరాల్లో 'నగరం అందరిదీ' అని వెలుగుతోంది. దాని పక్కన ప్రాజెక్టు మేనేజరు హోరియా. కుర్రాడు, తెల్లబూట్లు. దొమ్నికా పిండి అంటిన చేతుల్తోనే లేచి నిలబడింది.

"బాబూ, ఆ అందరిలో మేమున్నామా?"

"తప్పకుండా అక్కా. రెండో దశలో."

హాలంతా గొల్లున నవ్వింది. మా ఊళ్ళో రెండో దశ అంటే తలుపు మీద 'రేపు రా' అని రాసుకున్నట్టే.

"మీ బండి కొండెక్కదా ఏంటి?"

"ప్రస్తుత నమూనాకి ఆ వాలు..."

"నా డొక్కు బస్సు ఎక్కేదిరా నాయనా," అని వెనక బెంచీ నుంచి సాందు అందుకున్నాడు. "అదీ పెళ్ళివారందర్నీ మోసుకుని. బాజావాళ్ళతో సహా!"

హోరియా నవ్వి తరవాతి బొమ్మకి మారిపోయాడు.

ప్రారంభోత్సవం రోజున దొమ్నికా కొట్టుకి తాళం వేసింది. స్టాపు ఆ పొద్దున ఆమె గేటు ముందే ఉంది. దాని బల్ల మీద ఇలింకాని పక్కన కూర్చోబెట్టుకుని, స్టాపుతో, "కింద సభ జరుగుతోంది. మమ్మల్ని పిలవలేదు. పోదాం పద," అంది. స్టాపు ఒక మూల ఎత్తింది.

అది వాలు దిగుతుంటే వెనకాల మొహల్లా అంతా దిగింది. వెరోనాని కూడా బల్ల మీద కూర్చోబెట్టారు. దుప్పటి మీద బొగ్గుతో రాసుకున్న మాట పట్టుకుని నడిచాం. 'కదలిక దయ కాదు, హక్కు!' పెద్ద చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తి ఆపాడు.

"దీనికి నంబరుందా?"

"ఏడు," అంది ఇలింకా.

అతను ఒక్క క్షణం ఆలోచించి, కార్లన్నీ ఆపి దారిచ్చాడు.

పెద్ద రోడ్డు మీద కొత్త గాజు స్టాపు తళతళలాడుతోంది. దాని ముందు రిబ్బను, బ్యాండు, మేయరు, బ్రస్సెల్స్ నుంచి వచ్చిన పరిశీలకురాలు. ఒక పక్క డ్రిల్లు మిషనుతో మునిసిపాలిటీ పనివాడు పొంపిలియు దిక్కులు చూస్తున్నాడు. యూరప్ నీలిజెండా ఉన్న ఇత్తడి ఫలకం స్టాపుకి బిగించమన్నారు. గాజుకి కన్నం పెట్టేదెలా? మేయరు ఉపన్యాసం అయిపోవస్తోంది, ఫలకం ఇంకా అతని చంకలోనే ఉంది. అప్పుడు మా స్టాపు వచ్చి రిబ్బను చివర నిలబడింది.

పొంపిలియు దాని కాంక్రీటు గోడ చూశాడు. గబగబా శిలువ గుర్తు వేసుకున్నాడు. డ్రిల్లు గుయ్యిమంది. స్టాపు కదల్లేదు. చేప పక్కనే ఫలకం బిగిసింది. కెమెరాలు తిరుగుతున్నాయి గనుక మేయరు నవ్వుతూ వచ్చి దాని మీద గుడ్డ కప్పి, మళ్ళీ తనే తీశాడు. చప్పట్లు.

బ్రస్సెల్స్ ఆవిడ చేపని చేత్తో నిమిరింది. మైకు తీసుకుని మా భాషలోనే కూడబలుక్కుంటూ మాట్లాడింది. "పాతదాన్ని పారెయ్యలేదు, కలుపుకున్నారు. నాకు నచ్చింది. నియమం మీకు తెలుసు. ఈ ఫలకం ఉన్న స్టాపుకి ఐదేళ్ళపాటు రోజూ బండి రావాలి. రాకపోతే ఇచ్చిందంతా తిరిగి తీసుకుంటాం. శుభాకాంక్షలు!"

మేయరు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. హోరియా ఒక్కడే కొట్టలేదు. స్టాపు అప్పటికే ఒక మూల ఎత్తడం అతను చూశాడు.

వారం తిరక్కుండా హోరియా తెల్లబూట్లకి బురద పూసుకుని కొండెక్కి వచ్చాడు.

"అక్కా, దాన్ని కిందికి పంపండి."

"మేమేమన్నా మోసుకొచ్చామా? దానంతటదే వచ్చింది. అడుగు."

నిజంగానే అడిగాడు, 'దయచేసి' అని కూడా అన్నాడు. స్టాపు కదల్లేదు.

"నడిచే స్టాపు గురించి ఒప్పందంలో ఎక్కడా లేదక్కా!"

"రెండో దశలో రాయించు."

అతను బల్ల మీద కూలబడ్డాడు. దొమ్నికా వేడి రొట్టె తుంచి చేతిలో పెట్టింది. కోపం వేరు, ఆకలి వేరు. నములుతూ, "మా బండి ఈ వాలు ఎక్కదు," అన్నాడు. తెర లేకుండా అతను చెప్పిన మొదటి మాట అది.

"తెలుసు. సాందు ఎక్కుతాడు."

అయినా ముందు డ్రైవరు లేని ఆ కరెంటు బండినే పంపారు. మొదటి మలుపులోనే అది ఆయాసపడి ఆగింది. సాందు నలుగురిని పోగేసి దాన్ని కిందికి తోయించాడు. ఆ మర్నాడు ఏడో నంబరు తిరిగొచ్చింది. అదే డొక్కు బస్సు, అదే సాందు. పక్కన కొత్తగా ఆకుపచ్చ రంగు పూసి 'ఆవిష్కరణ' అని రాశారు.

తొలి మంచు పడిన పొద్దున మదాం వర్లాన్ ఆ బస్సులోనే వచ్చింది. ఆమె దిగుతుంటే ఇలింకా ఎక్కుతోంది.

"నమస్కారం మదాం. బడికి టైమైంది," అంది. తలుపు మూసుకుంది. బస్సు మలుపు తిరిగింది.

మదాం వర్లాన్ ఆ మలుపునే చూస్తూ మంచులో నిలబడిపోయింది. ఏం చెయ్యడానికి వచ్చిందో ఆ పని ఇక అక్కడ లేదు. టోపీ మీది మంచు దులుపుకుని, "మళ్ళీ బస్సెప్పుడు?" అని అడిగింది.

"గంటకి."

స్టాపు ఒక అడుగు ముందుకి వేసింది. దాని కప్పు ఆమె తల మీదికి వచ్చింది. దొమ్నికా ఏప్రన్ అంచుతో బల్ల తుడిచి, తను జరిగి చోటిచ్చింది.

"కూర్చోండి మదాం. మేమెక్కడికీ పోం."