చురుక్కుమనని వేలు

మా బడిల తొమ్మిదో తరగతికి నాడీవ్యవస్థ పాఠం ఏటా నేనే చెప్పేటోన్ని. సారంగపాణి సారు, అంటే నేను, చెప్తే నరాల పాఠం వేరే ఉంటదని ఊరికే అనుకునేటోన్ని. అనుకునేది నేనొక్కన్నే.

ఎనభై నాలుగుల ఒకనాడు బోర్డు మీద మెదడు గీసిన, దాని కింద వెన్నుపాము, అక్కడి నుంచి చేతి వేళ్లదాకా నరాలు గీసిన. "వేడి తగిలితే కబురు నరంల పడి వెన్నుపాముకు పోతది. చెయ్యి తియ్యమని హుకుం అక్కణ్నుంచే వస్తది. మెదడుకు తెలిసేది ఆ తర్వాతనే" అన్న. అక్కడికి ఆపితే అయిపోతుండె. నేను ఆపుతనా! "మనసు గట్టిదైతే ఆ హుకుంను గూడ ఆపొచ్చు" అని, ప్యూను కట్టయ్య అప్పుడే తెచ్చిపెట్టిన చాయ్ గ్లాసుకు నా ఎడమచేతి చివరి రెండు వేళ్లు అంటించిన. పిల్లలు యాభై లెక్కపెట్టిండ్రు. నేను కదల్లే. ఒకటే చప్పట్లు. ఇగ నేను సగం యోగినైపోయిన.

కొత్తవాడల గౌసియా బేగం ఇంట్ల కిరాయికుంటుంటి. ఆమె మగ్గం మీద నేలకు పరిచే జంఖానాలు నేస్తది. పొద్దూకంగ ఇంటికొచ్చి నా గొప్ప చెప్పిన. ఆమె నా వేళ్లు చూసి మగ్గం ఆపింది.

"సారూ, బొబ్బలెక్కినయ్. నొయ్యలేదా?"

"లేదక్కా. మనసు గట్టిది!"

"మనసు సంగతి తర్వాత. జర కండ్లు మూసుకో." మగ్గం నుంచి పోగు తెంపిన సప్పుడైంది. "ఎక్కడ తాకిన?"

"ఇంకా తాకలే గదా."

"మూడుసార్లు తాకిన సారూ."

కండ్లు తెరిచిన. ఆమె నవ్వుతలేదు.

"తెగిన పోగును మేం వేలితోనే ఎతుక్కుంటం. పదేండ్ల కింద నా వేలికి పోగు దొరకలే. దవాఖానల కుష్టురోగమన్నరు. మందులు మింగిన, తగ్గింది. రేపే పో. ఆలస్యమైతే వేళ్లు వంకరపోతయ్."

అంగి చెయ్యి మీదికి మడిచి చూసుకున్న. మోచేతి కింద తెల్లమచ్చ ఉంటే శోభి అనుకుని ఏడాది పౌడర్ రాసిన మేధావిని నేను! "ఎవరన్న చూస్తే? బడికి రానిస్తరా అక్కా?" అన్న.

"రెండేండ్ల సంది నా చేతి చాయ్ తాగుతలేవా?" అన్నది.

దవాఖానల డాక్టరు మోచేతి ఎనక ఒత్తి చూసిండు. నేను ఏటా బోర్డు మీద గీసే నరం అక్కడ తాడులెక్క ఉబ్బి ఉన్నది. "ఏం పని చేస్తరు?" అన్నడు. "సైన్సు సారును" అన్న, పక్కోనికి ఇనపడకుంట.

మందులు విడవకుంట మింగిన. మల్ల ఏడాది అదే పాఠమొచ్చింది. కొత్త పిల్లలు గూడ "గ్లాసు సార్, గ్లాసు!" అని ఒకటే లొల్లి. సరే అని వేళ్లు అంటించిన. ఉంగరపు వేలు చురుక్కుమన్నది! "అమ్మో" అని చెయ్యి గుంజిన, చాయ్ అంత అటెండెన్స్ రిజిస్టర్ మీద. పిల్లలు పడిపడి నవ్విండ్రు. నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయ్, సంతోషానికే.

అప్పుడు దాచిన సంగతంత పిల్లలకు చెప్పిన. జేబులకెళ్లి గౌసియక్క ఇచ్చిన పోగు తీసి, ముందు కట్టయ్యను కూసోబెట్టిన. ఏండ్ల సంది పొగలు గక్కే గ్లాసులు ఒట్టిచేతుల్తో మోస్తున్నది ఆయనే గదా. కండ్లు మూయించి తాకిన.

"చిటికెన వేలు మీద సారూ" అన్నడు వెంటనే, చక్కిలిగిలై నవ్వుకుంట.

బతికినం అనుకున్న. కని నా చిటికెన వేలు ఇంకా మొద్దుగనే ఉన్నది. ఆయన వేలును చూసి నాకు కుళ్లు పుట్టింది.