నాలుగుంపావు కిలోల గొప్ప

మా వియ్యపురాలు నాగరత్నమ్మ తన కొడుకును ఎవరికి పరిచయం చేసినా పేరు కంటే ముందు బరువు చెబుతుంది. "మా సునీల్ పుట్టినప్పుడు నాలుగుంపావు కిలోలు. చిత్తూరు ఆస్పత్రిలో నర్సులంతా వరస కట్టి వచ్చినారు." ఈ మాట నేను మొదట పెళ్ళిచూపుల్లో విన్నాను. తర్వాత నిశ్చితార్థంలో విన్నాను. తాళి కట్టే ముహూర్తానికి కాస్త ముందు ఆమె పురోహితుడికి చెబుతుండగా కూడా విన్నాను. సునీల్‌కుమార్ ఆరడుగుల మనిషి, రేణిగుంటలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. తన పుట్టిన బరువు ప్రస్తావన వచ్చినప్పుడల్లా తల వంచుకుని సెల్‌ఫోను చూసుకుంటాడు.

మా స్రవంతిది వాళ్ళమ్మ పోలిక. నాలుగడుగుల పది అంగుళాలు. అది పుట్టినప్పుడు రెండున్నర కిలోలు కూడా లేదు. నా భార్య కోమలి ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు, దాచనూ లేదు. కోమలి పోయి ఆరేళ్ళయింది.

స్రవంతి నెల తప్పిందని తెలిసిన రోజు నుంచి నాగరత్నమ్మకు ఒకటే దిగులు. "ఇంత పిల్ల అంత బిడ్డను ఎట్ల మోస్తాదో!" పుట్టబోయేది అంత బిడ్డే అన్న విషయంలో ఆమెకు అనుమానం లేదు. దానికి ఆమెకు తోచిన ఉపాయం తిండి. పలమనేరు దగ్గర వాళ్ళకు చెరకు తోటలున్నాయి, సొంత గానుగ ఉంది. ఆమె బెల్లం దిమ్మలు మూటగట్టుకుని రేణిగుంట వచ్చి, కొడుకు ఇంట్లో వంటగది స్వాధీనం చేసుకుంది. పొద్దున పాయసం, మధ్యాహ్నం ఒబ్బట్లు, సాయంత్రం వేరుశెనక్కాయ ఉండలు. ప్రేమగానే పెట్టింది. ఆ విషయం నేను ఎక్కడైనా చెబుతాను.

ఆరో నెలలో తిరుపతిలో పరీక్ష చేస్తే స్రవంతి రక్తంలో షుగరు బయటపడింది. ఆ రోజు నేనూ వెంట వెళ్ళాను. డాక్టర్ జాహ్నవి చిన్న వయసు మనిషి, ఓపికగా చెప్పింది.

"ఈ అమ్మాయి ఎత్తు తక్కువ. అది ఒంటి తీరు, జబ్బు కాదు. కానీ తల్లి రక్తంలో చక్కెర ఎక్కువైతే బిడ్డకూ చేరుతుంది. దాంతో బిడ్డ లావెక్కుతుంది. బిడ్డ పెరిగిందని తల్లి ఎముకలు పెరగవు కదండీ. కాన్పులో తల వచ్చాక భుజాలు ఇరుక్కునే ప్రమాదం ఉంది."

నాగరత్నమ్మ తల ఊపింది. బయటికొచ్చాక మాత్రం, "బిడ్డ లావైతే మంచిదే కదన్నా! ఈమె డాక్టరా, దిష్టి పెట్టే మనిషా?" అంది.

అయినా చక్కెర మాన్పించమన్న డాక్టర్ మాట విన్నది. రెండు వారాల తర్వాత వెళితే షుగరు తగ్గకపోగా పెరిగింది.

"చక్కెర తింటున్నారా?" అని అడిగింది డాక్టర్.

"ఇంట్లో పలుకు లేదు మేడం," నాగరత్నమ్మ ముందుకు జరిగింది. "డబ్బా గూడా కడిగి బోర్లించినా."

"మరి కాఫీలో?"

"బెల్లం."

"స్వీట్లు?"

"ఒబ్బట్లే మేడం. ఒట్టి బెల్లం, శనగపప్పు. మా గానుగ బెల్లం, మందు కలిపింది కాదు. నల్లంగా ఉంటాది. షుగరొచ్చేది తెల్ల చక్కెరకు కదా?"

డాక్టర్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి. చెరకు కాండంలో ఏముంటుందో ఎన్నో బ్యాచ్‌ల పిల్లలకు చెప్పాను. ఆ పాఠం మా ఇంటికి చేరడానికి ఇంత కాలం పట్టింది.

"ఇంకో రెండు వారాలు చూస్తాను," అంది డాక్టర్. "తగ్గకపోతే ఇన్సులిన్ సూదులు మొదలుపెట్టాలి. బిడ్డ ఇప్పటికే నెలకు మించి పెరిగింది. ఇలాగే పోతే తల్లికీ కష్టం, బిడ్డకీ కష్టం."

స్రవంతి నా వైపు చూసింది. చిన్నప్పుడు లెక్క తప్పితే అలాగే చూసేది.

ఆ సాయంత్రమే నేను కూతుర్ని మా ఊరు పుత్తూరుకు తీసుకెళ్తానన్నాను. తొలికాన్పు ఎలాగూ పుట్టింట్లోనే కదా, రెండు నెలలు ముందు వస్తుంది, అంతే.

నాగరత్నమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టింది. "మీ ఇంట్లో ఆడదిక్కు యాడుండాది అన్నా? కాన్పు ఎవురు సేస్తారు, మీరా?"

"కాన్పు డాక్టరమ్మ చేస్తుంది చెల్లెమ్మా. నేను వంట చేస్తా."

"ఆ వంట పోయిన ఉగాదికి తిన్యాను కదా. ఆ సాంబారు పెడితే మా ఎద్దు గూడా మొగం తిప్పుకుంటాది."

సునీల్ నవ్వబోయి దగ్గుగా మార్చాడు.

"అందుకే పోతానంటా ఉండా అత్తా," అంది స్రవంతి. "బాగుంటే ఎక్కువ తింటా కదా." అందరం నవ్వాం. నవ్వు ఆగాక అది మెల్లగా అంది. "మా అమ్మ లేదు. అయితే మా ఇల్లు ఉండాది గదా అత్తా."

నాగరత్నమ్మ గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "సరే పో. ఆదివారం ఆదివారం వస్తా. బిడ్డ చిక్కినట్లు కనపడితే ఆ పొద్దే కారెక్కిస్తా."

పుత్తూరులో మా ఇల్లు విరిగిన ఎముకలకు కట్టు కట్టేవాళ్ళ వీధికి దగ్గర. స్రవంతికి రాగిసంగటి అర ముద్ద, ఆకుకూర పప్పు, మజ్జిగ, ఒక గుడ్డు. వారం తిరక్కముందే అది పళ్ళెం వైపు చూసి, "నాయనా, ఈ కూర తింటే షుగరొకటే కాదు, ప్రాణం గూడా దిగిపోతాది," అంది. పక్కింటి దేవకమ్మ గోడ మీదుగా తొంగి చూసి, "ఏం సారూ, కడుపుతో ఉండే బిడ్డను మాడుస్తా ఉండారంట?" అని అడిగింది. ఊళ్ళో ఆ మాట అంటున్నది ఆమే అని నాకు తెలుసు. మర్నాడు ఆమే ఒక గిన్నెడు మునగాకు తెచ్చి గోడ మీద పెట్టి వెళ్ళిపోయింది.

తిన్నాక నడవాలి కాబట్టి మేమిద్దరం ఆ కట్ల వీధిలోనే నడిచేవాళ్ళం. చేతికి కట్టుతో ఒకరు, కాలికి కట్టుతో ఒకరు, తమిళనాడు నుంచి బస్సు దిగినవాళ్ళు ఇంకొందరు. అక్కడ మెల్లగా నడిచే మనిషిని ఎవరూ తొందరపెట్టరు. ఆటోవాళ్ళు కూడా హారన్ కొట్టకుండా ఆగుతారు.

నాగరత్నమ్మ అన్న మాట ప్రకారం ప్రతి ఆదివారం ఒబ్బట్ల క్యారియరుతో దిగేది. నేను కాదనకుండా తీసుకుని, ఆమె నడుం వాల్చిన సమయం చూసి ఆ వీధికి వెళ్ళి, వంతు కోసం కూర్చున్నవాళ్ళకు పంచేవాణ్ణి. వాళ్ళు బాగున్న చేత్తో అందుకునేవాళ్ళు. మూడో ఆదివారం నా పని పట్టుబడింది. వెనక నుంచి నాగరత్నమ్మ గొంతు వినిపించింది.

"ఏందన్నా ఇది? బిడ్డ కోసం చేసుకొస్తే ఊరికి పంచిపెడతా ఉండారా? మీకు ఇంత..."

మాట అక్కడే ఆగింది. బెంచీ చివర ఒక పిల్ల తల్లి కూర్చుని ఉంది. ఒళ్ళో పసిబిడ్డ. బిడ్డ కుడిచెయ్యి ఛాతీకి ఆనించి మెత్తటి గుడ్డతో కట్టారు.

"ఎన్నాళ్ళ బిడ్డమ్మా?" అంది నాగరత్నమ్మ.

"ఇంకా నెల నిండలేదక్కా. కాన్పులో ఇరుక్కున్నాడు. భుజం కాడ ఎముక విరిగినాది." ఆ తల్లి బిడ్డను సర్దుకుంది. "నాలుగు కిలోలు దాటినాడు." చివరి మాట అంటున్నప్పుడు, అంత అలసటలోనూ ఆమె ముఖంలో రవ్వంత గర్వం కనిపించింది.

నాగరత్నమ్మ ఆమె పక్కన కూర్చుంది. చాలాసేపు బిడ్డ కట్టునే చూసింది.

"మా వాడికీ ఈ పక్కే విరిగినాది," అంది నాతో. "ఈడికే ఎత్తుకొచ్చినాం. అప్పుడీ బెంచీ లేదు, అరుగుండేది."

నేను క్యారియరు మూత పెట్టాను.

"నర్సులు వరస కట్టి వచ్చింది సూసేదానికి కాదన్నా, లాగేదానికి. ఒకామె నా పొట్ట మింద ఎక్కినంత పని చేసినాది. రెండు పొద్దులు నాకు స్పృహ లేదు. లేచి సూస్తే మా అత్త వచ్చినోళ్ళకంతా బరువు చెప్పి మురిసిపోతా ఉండాది. అందురూ నన్నేదో గెలిచొచ్చినట్ల సూస్తా ఉంటే, ఇంగ నేను మాత్రం ఏం చెప్పేది? నేనూ బరువే చెప్పుకున్యాను."

కాసేపటికి ఆమె లేచి నా చేతిలోని క్యారియరు లాక్కుంది. మిగిలిన ఒబ్బట్లు తనే పంచింది. రెండు చేతులకూ కట్టున్న ముసలాయనకు తుంచి నోట్లో పెట్టింది.

తర్వాతి ఆదివారం క్యారియరులో మొలకెత్తిన పెసలున్నాయి. స్రవంతి మూత తీసి, "దీంట్లో గూడా బెల్లమెయ్యలేదు కదా అత్తా?" అని అడిగి తిట్లు తిన్నది.

షుగరు తగ్గి సూదుల అవసరం రాలేదు. తొమ్మిదో నెల నిండాక ఒక ఉదయం నొప్పులు మొదలైతే తిరుపతి తీసుకెళ్ళాం. సునీల్ ఆస్పత్రి వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగాడు. నాగరత్నమ్మ బల్ల మీద కదలకుండా కూర్చుంది. మధ్యాహ్నం నర్సు గుడ్డలో చుట్టిన పాపను తెచ్చింది.

"ఆడపిల్ల. అమ్మ బాగుంది. రెండు కిలోల తొమ్మిది..."

"అది తర్వాత చెబుదువు," నాగరత్నమ్మ లేచింది. "ముందు ఆ గుడ్డ తియ్యమ్మా."

నర్సు విస్తుపోయి గుడ్డ వదులు చేసింది. చలి తగలగానే పాప కెవ్వుమని రెండు చేతులూ పైకి విసిరింది. కుడిదీ, ఎడమదీ. నాగరత్నమ్మ వాటిని ఒకదాని తర్వాత ఒకటి వేలితో తాకి చూసి, గోడ వైపు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఆ సున్నితత్వం సాయంత్రం దాకా నిలిచింది. చూడటానికి వచ్చిన దేవకమ్మతో ఆమె అప్పటికే చెబుతోంది. "రెండు కిలోల తొమ్మిదివందలు. బిడ్డంటే ఇట్ల కొలిచినట్లుండాల. నేను దగ్గరుండి పెసలు తినిపిస్తిని కదా! ఈ కాలం ఆడోళ్ళకు తెలీదు, ఊరికే లావుగా ఉంటే బిడ్డ అనుకుంటారు." సునీల్ నోరు తెరవబోతే నేను తల అడ్డంగా ఊపాను. బిడ్డను ఐదో నెల దాకా పుత్తూరులోనే ఉంచమని అదే నోటితో ఆమే అంది. ఆడదిక్కు ఊసు మళ్ళీ ఎత్తలేదు.

నెలన్నర తర్వాత స్రవంతికి మళ్ళీ షుగరు పరీక్ష చేయాలన్నారు. పెద్ద బిడ్డను కన్న తల్లులకు తర్వాత్తర్వాత షుగరు రావచ్చని డాక్టర్ చెబితే, నాగరత్నమ్మ, "ఊరికే తోడు పోతా," అంటూ తనూ పరగడుపున బయల్దేరింది. రక్తమిచ్చే వరసలో కోడలి వెనక నిలబడి, ఆకలికి గొణుగుతూ, సూదిని చూడకుండా ఉండాలంటే ఎటు తిరగాలో కోడల్ని అడుగుతోంది. నేను పాపను ఎత్తుకుని బయట బల్ల మీద కూర్చున్నాను. మా ముగ్గురు ఆడవాళ్ళలో కడుపు నిండా తాగి వచ్చింది అదొక్కతే. హాయిగా నిద్రపోతోంది.