సున్నా వచ్చిన రోజు

దేశాల మధ్య స్నేహాన్నీ పగనీ అంకెల్లో కొలవొచ్చని హైదరాబాదులో ఒక ప్రొఫెసరుగారికి తోచింది. కొలిచే పని మెదక్‌లో మా ఆవిడ నెత్తిన పడింది. నవోమి మిషన్ బళ్లో లెక్కల టీచరు. రోజూ పేపరు చదివి, మనకూ పాకిస్తాన్‌కూ మధ్య జరిగిన ప్రతి సంగతికీ మార్కులు వేయాలి. చేతులు కలిపితే కూడిక, కాల్పులు జరిగితే తీసివేత. సాయంత్రానికి మొత్తం తేల్చాలి. మా ఇద్దరి మధ్య ఏ రోజుకు ఎంత తేలుతుందో మాత్రం ప్రొఫెసరుగారు అడగలేదు, బతికిపోయాం.

ఆయన కంటే ఆత్రంగా లెక్క అడిగేది పక్కింటి సాబెరా ఆపా. ఆమె కూతురు మహబూబున్నీసాది కరాచీలో కాపురం. నిండు చూలాలిగా ఉండగా బంగ్లాదేశ్ యుద్ధం వచ్చి ఉత్తరాల టపా ఆగిపోయింది. మూడేళ్లు కావస్తోంది, కాన్పు సంగతి కూడా తెలియదు. అందుకే పొద్దుగూకే వేళకు గోడ దగ్గరికి వచ్చేది.

"టీచరమ్మా, ఇయాల ఎంతొచ్చింది?"

మైనస్ అంటే మొహం వేలాడేసుకునేది. ప్లస్ అంటే మాకు గిన్నెడు సేమియా వచ్చేది.

ఆ రోజు నవోమి "సున్నా ఆపా" అంది.

"సున్నా అంటే మంచిదా, చెడ్డదా?"

"రెండూ కాదు."

ఆపా లోపలికి పోయింది. నేను పేపరు అందుకున్నాను. ఒక మంత్రి నోటి దురుసుకు నాలుగు తీసివేత. దాని కిందే, రెండు దేశాల మధ్య టపా మళ్లీ మొదలైందన్న వార్త. దానికి నాలుగు కూడిక. నాకు ఒళ్లు మండింది.

"ఉత్తరాలు పోతున్నయని ఆపాకు చెప్పవా?"

నవోమి తెల్లబోయి చూసింది. "కూడితే సున్ననే వచ్చింది. యాడ తప్పేసిన్నో మీరే చెప్పుండ్రి."

నేను రెండుసార్లు చూశాను. లెక్క ఎక్కడా తప్పలేదు. పేపరు మడిచి లేచాను.

ఇద్దరం పోయి చెప్పాం. సంతోషిస్తుందనుకుంటే ఆపా చాప మీద కూలబడింది. నాది నిజాం కాలపు ఉర్దూ చదువు, కాబట్టి నేనే కాగితం ముందేసుకున్నాను.

"ఏం రాయాలె ఆపా?"

"మనవడో మనవరాలో తెల్వదు. నా బిడ్డ ఉన్నదో లేదో తెల్వదు. నేనేం అడగాలె?" కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మీ అమ్మ ఉన్నదని రాయుండ్రి భాయ్‌సాబ్. అంతే."